తాడు పట్టినవాళ్ళ పేరు

నా మొదటి అక్షరాలు మార్కాపురం పలక మీదే దిద్దాను. కాకినాడలో మా వీధి మలుపు దగ్గరి దుకాణంలో, చెక్క చట్రం వేసిన ఆ నల్ల పలకలు దొంతరలుగా పేర్చి ఉండేవి. పలక వచ్చిన ఊరు చూడటానికి మాత్రం నాకు యాభై రెండేళ్ళు పట్టింది. అదీ ఊరు చూద్దామని వెళ్ళలేదు. చదువు మధ్యలో వదిలేసి వెళ్ళిపోయిన ఒక పిల్లను వెతుక్కుంటూ వెళ్ళాను.

నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను. ఆదివాసీ సంస్కృతులు, భాషలు అని మా శాఖ పేరు. పేరు అంత పొడుగ్గా ఉన్నా మేం నలుగురం అధ్యాపకులం, మూడు గదులు, ఒక కాఫీ ఫ్లాస్కు, అంతే. ఎం.ఏ.లో పదకొండు మంది విద్యార్థులు. ఆ పదకొండు మందిలో అడవిలో పుట్టిన పిల్ల ఒక్కతే, ఈశ్వరి. చెంచు పిల్ల. తన గూడెంలో తేనె తీసే పని గురించి, ఆ పనిలో వాడే మాటల గురించి పరిశోధన వ్యాసం రాస్తోంది. దానికి గైడును నేను.

మొదటి నలభై పేజీలు తెచ్చి ఇచ్చింది. నేను ఎర్ర పెన్ను తీశాను. ప్రతి పేజీలోనూ నాలుగైదు చోట్ల ‘ఆధారం?’ అని రాశాను. కొండ చరియ మీదినుంచి తేనెకు దిగేవాడి తాడు వాడి భార్య అన్నదమ్ములే పట్టుకోవాలని ఒక చోట రాసింది. అక్కడ రెండు గీతలు గీసి మరీ రాశాను. ఎందుకంటే వందేళ్ళ కిందటి ఒక దొర నివేదికలో, గుంపులో బలమైనవాడు తాడు పట్టుకుంటాడని ఉంది. ఇరవై ఏళ్ళ కింద లైబ్రరీలో కూర్చుని నేను రాసిన పుస్తకంలోనూ అదే ఉంది. ‘అచ్చులో ఉన్నదాన్ని చూసి సరిచేసుకో, సొంత అనుభవం ఆధారం కాదు’ అని పక్కన చేర్చాను.

మూడో రోజు ఫోనుకు మెసేజ్ వచ్చింది. ‘మేడం, నా దగ్గర ఆధారం లేదు. ఇంటికి పోతున్నా.’

తర్వాత ఫోను ఎత్తలేదు. నెలాఖరులోగా వ్యాసం ఇవ్వకపోతే రెండేళ్ళ చదువు గంగలో కలిసినట్టే. వారం రోజులు నేను కోపంగానే ఉన్నాను. ఈ కాలం పిల్లలకు ఒక మాట అంటే పడదని మా ఆయన దగ్గర విసుక్కున్నాను. ఎనిమిదో రోజు ఆ నలభై పేజీలు మళ్ళీ తీసి, నా ఎర్ర రాతల్ని దాటేసి చదివాను. ఎంత బాగా రాసిందో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సెలవు పెట్టి, ఆ పేజీలతో పాటు నా పుస్తకం కాపీ ఒకటి సంచీలో వేసుకున్నాను, సంతకం చేసి పిల్లకిద్దామని. అంత సిగ్గులోనూ ఆ గొప్ప వదల్లేదు చూడండి.

గిద్దలూరు: తడిపిన మరమరాలు

ఈశ్వరి అప్లికేషన్లో గిద్దలూరు చిరునామా ఉంది. గుంటూరులో రైలెక్కాను. వినుకొండ దాటాక కిటికీలో పచ్చదనం పలచబడుతూ వచ్చింది. ఎర్ర నేల, రాళ్ళు, కంది మోళ్ళు, తుమ్మచెట్లు. మా వైపు కాలవ కనబడని కిటికీ ఉండదు. ఇక్కడ గంటసేపు చూసినా నీటి చెమ్మ లేదు. కంభం దగ్గరికి వచ్చేసరికి ఒక పక్కన నల్లమల కొండలు పొడుగ్గా మొదలయ్యాయి. అవి గిద్దలూరు వరకూ రైలుతోపాటే వచ్చాయి.

మర్నాడు పొద్దున హోటల్లో ఇడ్లీ అడిగితే అయిపోయింది, ఉగ్గాని ఉందన్నారు. ఉగ్గాని అంటే మనం మరమరాలు అంటామే, వాటిని ఇక్కడ బొరుగులు అంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి మిరపకాయ బజ్జీతో ఇస్తారు. మేము మరమరాలు మెత్తబడితే పారేస్తాం. మొహం చిట్లించుకునే మొదటి ముద్ద తిన్నాను. తర్వాత రెండో ప్లేటు అడిగాను. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ కారానికి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే సర్వరు అడక్కుండానే నీళ్ళ గ్లాసు తెచ్చిపెట్టాడు.

చిరునామా పట్టుకుని వెళితే అది ఇల్లు కాదు, ఆడపిల్లల హాస్టలు. సెలవులు కాబట్టి తాళం వేసి ఉంది. వెనకవైపు వంటగది అరుగు మీద ఒకావిడ బియ్యం చెరుగుతోంది. వంటమనిషి రమణమ్మ. ఈశ్వరి పేరు చెప్పగానే చేట పక్కన పెట్టేసింది.

“ఈశ్వరేనా! సన్నంగా ఉంటాదే, ఎప్పుడూ పుస్తకం పట్టుకోని? అది ఈ ఊరి పిల్ల కాదు మేడం. ఏడేండ్లు ఈడ ఉండి చదువుకున్నాది. వాళ్ళది పుల్లలచెరువు అవతల, అడివంచున గూడెం.”

“మరి కాగితంలో ఈ చిరునామా రాసింది?”

“గూడేనికి పోస్టు యాడ పోతాది? అందుకే ఇది రాసుకునింటాది. ఇప్పటికీ దానికి ఉత్తరమొస్తే నేనే దాచిపెడతా.” ఆవిడ నా వైపు తిరిగి, “నువ్వు దానికి టీచరంటివి గదమ్మా. రెండేండ్లాయె. యా ఊరని ఒక్కసారన్నా అడగలేదా?” అంది.

అడగలేదు. నలభై పేజీల్లో నూట ఎనభై ప్రశ్నలు రాశాను, ఇది మాత్రం అడగలేదు. రమణమ్మ లోపలికి వెళ్ళి, పుట్నాల పొడి ఒక కవర్లో కట్టి తెచ్చింది. “దానికి ఇది ఇష్టం. ఇయ్యి. చదువు ఆపితే కాళ్ళు ఇరగ్గొడతానన్నానని కూడా చెప్పు.”

మార్కాపురం: పలక

గిద్దలూరు నుంచి మార్కాపురానికి బస్సు. కంభం దాటాక ఒక చోట రోడ్డంతా గొర్రెలు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. మా ఊళ్ళో అయితే ఈపాటికి హారన్ మోగిపోయేది. ఇక్కడ డ్రైవరు ఇంజన్ ఆపి, కాపరి ఇంటి సంగతులు అడుగుతూ కూర్చున్నాడు. ఆ కాపరి భార్య ఒక మేకపిల్లను చంకన పెట్టుకుని ఎక్కి నా పక్కన కూర్చుంది. దానికి జబ్బు చేస్తే మార్కాపురం పశువుల డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్తోందట. నేను ఒళ్ళో ఈశ్వరి పేజీలు పెట్టుకుని కునుకు తీశాను. కరకర చప్పుడుకు మెలకువ వచ్చింది. మేకపిల్ల ఆరు పేజీల మూలలు నమిలేసింది.

నేను కెవ్వుమన్నాను. ఆమె ఏ మాత్రం కంగారు పడలేదు. “అబ్బా, మేత ముట్టి మూడు దినాలాయె అక్కా, ఇప్పుడు తిన్నాది! బతుకుతాది ఇంక” అని సంబరపడి దాని వీపు నిమిరింది. తర్వాత కాస్త మర్యాదకు, “పేపరే గదా, మళ్ళా రాసుకోండి” అంది. పోయినవి చూస్తే నా ఎర్ర రాతలున్న అంచులే. ఈశ్వరి రాసింది ఒక్క అక్షరం కూడా పోలేదు. మేకపిల్లకు ఏ దేవుడు బుద్ధి చెప్పాడో గానీ నాకు నవ్వు ఆగలేదు.

మార్కాపురంలో పలకలు చేసే షెడ్డు ఒకటి వెతికి పట్టుకున్నాను. రాయి పొరలు పొరలుగా చీలుతుంది. కూర్చున్న పెద్దాయన సన్నటి ఉలి పెట్టి, ఇంకో చేత్తో చిన్నగా తడితే, పుస్తకంలో పేజీ విడిపోయినంత తేలిగ్గా పొర ఊడివస్తోంది. ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ము. ఇప్పుడు బడి పలకలు అడిగేవాళ్ళు తగ్గారట, రాయంతా ఇళ్ళ గోడలకూ నేలకూ పోతోందట. “ఇంత మంది దీని మీద దిద్దినారు, మాకు ఎవురన్నా ఒకరు వచ్చి చెప్పినారా అమ్మా? నువ్వే వచ్చినావు” అని ఆయన నవ్వాడు. అరవై రూపాయలు పెట్టి ఒక పలక కొన్నాను. ఎవరికో నాకే తెలియదు. చిన్నప్పటి వాసన ఉందేమోనని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆయన వింతగా చూశాడు.

లాడ్జిలో టీ కాస్త ఉప్పగా ఉంది. ఇక్కడ తాగే నీళ్ళు డబ్బాల్లో కొనుక్కోవాలి. బోరు నీళ్ళు పళ్ళ మీద మచ్చలు పెడతాయని లాడ్జి అబ్బాయి తన పళ్ళు చూపించి మరీ చెప్పాడు. ఆ సంగతి విన్నానే గానీ, బుర్రకు ఎక్కించుకోలేదని మర్నాడు తెలిసింది.

పుల్లలచెరువు దాటాక

పుల్లలచెరువు వరకూ బస్సు. అక్కడ మస్తాన్ అని ఒకతని ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడుగునా బీడు భూములు, ఎక్కడో ఒక కంది చేను. ఒక ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. మనుషులు లేరు, బిందెలే నిలబడ్డాయి. “ఆ వరస ఎవరూ కదపరక్కా, మా ఊర్లో దొంగ కూడా కదపడు” అన్నాడు మస్తాన్ గర్వంగా. ఒక గుంతలో ఆటో ఎగిరి పడింది. సంచీలో పటుక్కుమంది. నా పలక రెండు ముక్కలు.

వాగు దగ్గర ఆపేశాడు. “ఈడికే ఆటో. ఆపైన నీ కాళ్ళేనక్కా. నేను ఎల్లుండి పొద్దున వస్తాలే.”

అరగంట నడిస్తే గూడెం వచ్చింది. ఇరవై ఇళ్ళుంటాయి. కొన్ని సిమెంటువి, కొన్ని బోదగడ్డి కప్పినవి. మొదటి ఇంటి ముందు చెట్టు నీడన ఈశ్వరి చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది, చేతుల నిండా చింతపండుతో. మొహంలో సంతోషమూ లేదు, కోపమూ లేదు. క్లాసులో పేరు పిలిస్తే లేచినట్టు లేచింది, అంతే.

“మేడం, మీరెట్ల వచ్చినారు?”

“గిద్దలూరు మీదుగా” అన్నాను. దానికి అర్థమైంది. తల దించుకుంది.

లోపలినుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఈశ్వరి అమ్మమ్మ లింగమ్మ. వాళ్ళు అవ్వ అంటారు. ఏమీ అడక్కుండా చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. మా ఇళ్ళల్లో బయటినుంచి వచ్చినవాళ్ళకు చెంబు ఇచ్చేది కాళ్ళు కడుక్కోవడానికి. నేను ఎంచక్కా రెండు కాళ్ళూ, చేతులూ, మొహమూ కడుక్కున్నాను. చెంబు ఖాళీ అయింది. తలెత్తి చూస్తే అవ్వ నా కాళ్ళ కింద తడిసిన మట్టినే చూస్తోంది.

“అవ్వా, వాళ్ళ ఊర్లో నీళ్ళు ఎక్కువలే” అంది ఈశ్వరి మెల్లగా.

“తాగనీకి ఇచ్చినా” అంది అవ్వ. కసురుకోలేదు. లోపలికి వెళ్ళి ఇంకో చెంబు తెచ్చి, “ఇది తాగు” అని ఇచ్చింది. నా జీవితంలో అంత జాగ్రత్తగా నీళ్ళు తాగింది లేదు. ఒక్క చుక్క మీద పోసుకోలేదు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక నా విరిగిన పలక తీసి చూపించాను. అవ్వ రెండు ముక్కలూ అటూ ఇటూ తిప్పి, పెద్ద ముక్కను నీళ్ళ బిందె మీద మూతగా పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

తేనె

మధ్యాహ్నం జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టారు. చిగురు ఈశ్వరి పొద్దున కోసుకొచ్చిందట. మేము గోంగూరతో మురిసిపోతాం గానీ, ఈ పులుపులో ఒక లేతదనం ఉంది. తిన్నాక ఆ నలభై పేజీలు తీశాను.

“ఈ మూలలు ఏమైనాయి మేడం?”

“మేక తినేసింది.”

మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు అయిపోకముందే అడిగేశాను, “వస్తావా ఈశ్వరీ? నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.”

“వచ్చి ఏం చెయ్యాల మేడం? మా అవ్వ చెప్పినాదంటే ఎవురూ ఒప్పుకోరు. అదే సంగతి ఎవురో దొర తప్పుగా రాసినా ఒప్పుకుంటారు. నేను పుట్టినప్పట్నించి చూసిందే నాకు ఆధారం కాదంటే, ఇంక నేను యాడికి పోయి తేవాల?”

“ఏంది పిల్లా ఆ మాట?” అని అవ్వ అడిగింది. “ఆధారమంటే ఏంది?”

“నువ్వు చెప్పింది నీకు ఎవురు చెప్పినారని అడుగుతారవ్వా. పేరు రాయాల.”

అవ్వకు అందులో కోప్పడాల్సిందేమిటో అర్థం కాలేదు. “దానికేంది? మనమూ అడుగుతాము గదా.”

ఏమడుగుతారో సాయంత్రం నా కళ్ళతో చూశాను. ఈశ్వరి మేనమామ మల్లయ్య అడవినుంచి తేనె డబ్బా తెచ్చాడు. ఎండ ఇంకా ఉంది. ఇళ్ళల్లోంచి నలుగురైదుగురు వచ్చి చుట్టూ కూర్చున్నారు. మా వీధిలోకి తేనె డబ్బా వస్తే కిలో ఎంత అంటారు, అసలుదేనా అంటారు. ఇక్కడ మొదట అడిగిన మాట ఒకటే, “తాడు ఎవురు పట్టినారు?”

“మా బావమరిది గురవడు” అన్నాడు మల్లయ్య. ఆ పేరు విన్నాకే ఒక్కొక్కరూ వేలు పెట్టి నాకారు. ఇంకో ముసలాయన వచ్చాడు. ఆయనా అదే అడిగాడు. మల్లయ్య అదే పేరు మళ్ళీ చెప్పాడు. ఈశ్వరి నలభై పేజీల్లో పన్నెండో పేజీ ఇది. తేనె తెచ్చినవాడి కంటే ముందు తాడు పట్టినవాడి పేరు చెబుతారని రాసింది. పక్కన నా ఎర్ర రాత ఉండేది. దాన్ని మేక తినేసింది.

ఆ ముసలాయన అంకన్న తాత, అవ్వకు అన్న. తాడు గుంపులో బలమైనవాడికి ఎందుకివ్వరని ఆయన్నే అడిగాను.

“బలముంటే ఏం చేసుకునేది?” అన్నాడు. “తేనెటీగలు లేచి మీద పడతాయి తల్లీ. బలమైనోడు ఫస్టు పరిగెత్తుతాడు. నేను పరిగెత్తలేను. కింద యేలాడేది మా చెల్లెలి మొగుడు. నేను వదిలితే చెల్లెలి బతుకు పాయె. ఎవురికి ఎక్కువ పోతాదో వాడికే తాడు ఇచ్చేది.” అని రెండు చేతులూ చాపాడు. అరచేతులకు అడ్డంగా, ఒక కొస నుంచి ఇంకో కొసకు, నున్నగా మెరిసే పాత మచ్చ. ఒకసారి తాడు జారిందట. మూడు బారలు జారాక ఆగిందట. “వదల్లేదు. అది ఆగినాక మిగిలింది ఇది” అన్నాడు. అవ్వ ఆ చేతుల వైపు చూడలేదు. ఎన్నిసార్లు చూసి ఉంటుందో. ఆమె మొగుడు తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడట.

నేను నా పుస్తకం ఇంకా సంచీలోంచి తియ్యలేదు. తియ్యడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు అవ్వ నన్ను అడిగింది. “మా పిల్ల మీ కాలేజీలో ఏందో పెద్ద పరీక్షకు దిగుతాదంట గదమ్మా. దానికి తాడు ఎవురు పడతారు?”

“నేనేనవ్వా” అన్నాను. గైడును కదా, వెంటనే వచ్చేసింది నోటికి.

“నువ్వా?” అని నన్ను ఎగాదిగా చూసింది. “పిల్ల పడిపోతే నీకేం పోతాది?”

వెక్కిరింతగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను లోపల వెతుక్కున్నాను. ఈశ్వరి వ్యాసం ఇవ్వకపోతే నా జీతం ఆగదు, నా గది నాకు ఉంటుంది. ఇంకో ఏడాది ఇంకో పదకొండు మంది వస్తారు. అంతకంటే ఘోరమైన సంగతి ఇంకోటి ఉంది. ఈ పిల్ల రాసింది నిజమని తేలితే అచ్చులో ఉన్న నా పుస్తకం తప్పవుతుంది. ఎర్ర గీతలు రెండు గీసినప్పుడు నా చెయ్యి ఎందుకు అంత గట్టిగా నొక్కిందో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

సంచీలోంచి పుస్తకం తీసి అవ్వ ముందు పెట్టాను. “ఇది నేను రాశాను. ఇందులో తాడు సంగతి తప్పు రాశాను. మీ పిల్ల పడిపోతే నాకేం పోదవ్వా. నిలబడితేనే నా పరువు పోతుంది.”

ఈశ్వరి తలెత్తి నన్ను చూసింది. అవ్వ మాత్రం ఫక్కున నవ్వింది. “అట్లయితే నీకు తాడు ఎట్ల ఇచ్చేదే తల్లీ? మొదట వదిలేది నువ్వే గదా!”

అందరూ నవ్వారు. నేనూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. నవ్వి, ఎర్ర పెన్ను తీసి నా పుస్తకంలో ఆ పేజీ తెరిచాను. ‘బలమైనవాడు’ అన్న మాట కొట్టేశాను. అంచున రాశాను: ‘ఇది తప్పు. ఈ గూడెంలో తాడు పట్టేది భార్య అన్నదమ్ములు. చెప్పినది అంకన్న, తాడు పట్టినవాడు. నాకు తెలిపినది ఈశ్వరి.’ కింద సంతకం చేశాను. పుస్తకం ఈశ్వరి చేతికిచ్చాను.

“ఇది అందరి ముందూ చూపించు. నా తప్పు నేనే ఒప్పుకున్నాక నువ్వు రాకపోతే, నేను రాసిందీ పాయె, దిద్దిందీ పాయె. నాకేమీ మిగలదు.”

ఈశ్వరి అది చదివి అవ్వకు వినిపించింది. అంకన్న తాత తన పేరు రెండోసారి చదివించుకున్నాడు. “నా పేరు అచ్చులో వచ్చినాదా?” అని అడిగాడు. ఇంకా రాలేదు, పిల్ల వస్తే వస్తుందని చెప్పాను. ఆయన అవ్వ వైపు చూశాడు. అవ్వ డబ్బాలోంచి ఒక చిన్న సీసాలోకి తేనె పోసి మూత బిగించి నాకు ఇచ్చింది. “ఎవురన్నా అడిగితే గురవడు పట్టినాడని చెప్పు” అంది.

మర్నాడంతా ఈశ్వరి, నేను, తాత చెట్టు కింద కూర్చున్నాం. ఆయన చెప్పాడు, ఆమె రాసింది. నేను పెన్ను పట్టుకోలేదు, చింతపండు గింజలు తీశాను. తొందరగా తియ్యడం రాదని అవ్వ రెండుసార్లు కసిరింది. రమణమ్మ ఇచ్చిన పుట్నాల పొడితో రొట్టెలు తిన్నాం. ఆవిడ కాళ్ళు విరగ్గొడతానన్న సంగతి కూడా చెప్పాను. ఈశ్వరి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మూడో రోజు పొద్దున వాగు దగ్గర మస్తాన్ ఆటో నిలబడి ఉంది. నేను ఒక్కదాన్నే ఎక్కాను.

తిరిగి వచ్చాక

దారిలో అందరికీ తేనె సీసా చూపించి గురవడి పేరు చెప్పుకుంటూ వచ్చాను. మా ఆయన అసలుదేనా అని అడిగాడు. తాడు ఎవరు పట్టారని అడగాలన్నాను. ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ కలిపి తెచ్చాడు.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు పొద్దున నా గది తలుపు దగ్గర ఈశ్వరి నిలబడి ఉంది, చేతిలో అరవై పేజీలు. ఆధారాల పట్టికలో మొట్టమొదటి పేరు అంకన్న. పక్కన వయసు, ఊరు, ‘తాడు పట్టినవాడు’ అని. రెండో పేరు లింగమ్మ. నా పుస్తకం చివర్న ఉంది. ఊరి పేరు ఈసారి నేనే అడిగి, అప్లికేషన్లో దిద్దించాను.

ఈశ్వరి వ్యాసం మీద సెమినార్ రోజు గది నిండింది. ఈశ్వరి చీర కట్టుకుని వచ్చి, తన వ్యాసం చదవడం మొదలుపెట్టింది. తాడు సంగతి రాగానే బయటి విశ్వవిద్యాలయంనుంచి వచ్చిన పరీక్షకుడు చెయ్యెత్తి ఆపాడు. ఆయన చేతిలో నా పుస్తకమే ఉంది, దిద్దని కాపీ.

“అమ్మాయ్, అచ్చయిన గ్రంథంలో ఇందుకు విరుద్ధంగా ఉంది. మీ గైడుగారిదే. దీనికేమంటావు?”

ఈశ్వరి ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. దాని దగ్గర నా సంతకం ఉన్న కాపీ ఉంది, తీసి చూపించవచ్చు. తియ్యలేదు. నేనేం చేస్తానో చూస్తోంది.

నేను లేచి నిలబడ్డాను. ముగ్గురు సహోద్యోగులు, పదకొండు మంది విద్యార్థులు, ఆ పెద్దమనిషి, అందరూ వింటుండగా, “ఆ పుస్తకం నాదేనండీ. అది తప్పు. ఆ అమ్మాయి రాసింది నిజం” అన్నాను.

కూర్చుని చూసుకుంటే, కుర్చీ చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నానో, అరచేతిలో ఎర్రగా గుర్తు పడింది. ఈశ్వరి తర్వాతి పేజీ తిప్పింది.